మేడ మీద గోదావరి: మన కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్‌కి ఒక బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీలో ఉన్న అందరికీ, ఇంకా మొన్న వాట్సాప్‌లో "ఆ పైన ఆడుకునేవాళ్ళు" అని మెసేజ్ పెట్టినాయనకి కూడా నమస్కారం.

వచ్చే నెల జనరల్ బాడీ మీటింగ్ అజెండాలో ఆరో ఐటెమ్ చూశాను. "కమ్యూనిటీ హాలు పై అంతస్తును ఫంక్షన్లకు కూడా ఇచ్చుట, అట్టి సమయంలో మోడల్ రైల్వే వారు తమ సామాను మడిచి ఒక మూల పెట్టుకోవలెను" అని ఉంది. ఆ "మడిచి" అన్న ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. మీటింగ్‌లో నాకు మహా అయితే రెండు నిమిషాలు ఇస్తారు, అందులో ఒకటిన్నర నిమిషం పార్కింగ్ గొడవలో కొట్టుకుపోద్ది, అందుకే ముందుగానే రాసి నోటీస్ బోర్డుకి అంటిస్తున్నా, తీరిగ్గా చదువుకోండి, తిట్టాలనుకుంటే చదివాక తిట్టండి.

కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళకి మేం ఎవరమో తెలీదు కాబట్టి ఓ ముక్క చెప్తా. మేం తొమ్మిది మందిమి. ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ గారు, లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన అంకుల్, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఒక పళ్ళ డాక్టర్ గారు (మా దగ్గరున్న సన్నసన్న పనిముట్లన్నీ ఆయన పారేయాల్సినవే, కడిగే తెచ్చారు, భయపడకండి), ఫర్నిచర్ షాపాయన, బ్యాంక్ మేడమ్ ఒకావిడ, బీటెక్ కుర్రాడు ఒకడు, ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకతి. పని ఏంటంటే నిజం రైల్వేని 87 వంతుల్లో ఒక వంతుకి కుదించి బల్ల మీద కట్టడం. దీన్ని హెచ్‌ఓ స్కేల్ అంటారు, ఓ అనే పెద్ద సైజులో సగం కాబట్టి హాఫ్ ఓ, అది కాస్తా హెచ్‌ఓ అయింది. బొమ్మల షాపులో దొరికే, గుండ్రంగా తిరుగుతూ కూ అని అరిచే సెట్టు కాదు ఇది. మా దాంట్లో సిగ్నల్ రెడ్ ఉంటే బండి ఆగుద్ది, ఆపకపోతే స్టేషన్ మాస్టర్ గారు నిజంగానే మెమో రాస్తారు, నాకు ఇప్పటికి మూడొచ్చాయి.

మూడేళ్ళ కిందటి దాకా మా బల్ల స్టేషన్ మాస్టర్ గారి ఇంటి మేడ మీద గదిలోనే ఉండేది. ఆరేళ్ళు అక్కడే కట్టాం. తర్వాత వాళ్ళ అన్నదమ్ములంతా కూర్చుని ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం అనుకున్నారు, ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, నెల రోజుల్లో ఖాళీ చేయాలి అన్నారు, సరే అన్నాం, ఒక ఆదివారం అందరం పోగయ్యి బల్ల ఎత్తాం. అప్పుడు చూశాం, తలుపు మూడడుగులు, బల్ల అయిదడుగులు. అది కూడా ముక్కలు ముక్కలుగా కాదు, పదహారడుగుల బల్ల మొత్తం ఒకే ఫ్రేము, కింద రీపర్లు, పైన ప్లైవుడ్, ఎక్కడికక్కడ మేకులు, ఆ మేకులు చాలవన్నట్టు ఫెవికాల్. ఆరేళ్ళు ఆ తలుపులోంచే వారం వారం వెళ్ళొచ్చిన మనుషుల్లో ఒక్కడికీ ఈ లెక్క తట్టలేదు, ఇద్దరం ఇంజినీర్లమని చెప్పుకోడానికి సిగ్గేస్తది. చివరికి రంపం పెట్టి కోశాం. బల్ల మధ్యలో ఫిట్టర్ అంకుల్ ఎనిమిది నెలలు కూర్చుని కట్టిన గోదావరి ఆర్చి బ్రిడ్జి ఉండేది, రంపం దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన టీ తాగొస్తానని కిందికి పోయారు, మళ్ళీ సాయంత్రం దాకా పైకి రాలేదు. ఇరవై ఒక్క పాయింట్లలో (బండి ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మారే చోటు, ఖరీదైన సామాను అది) పద్నాలుగు పనికొచ్చాయి. మిగతాదంతా ఆటో ట్రాలీలో ఎక్కించి పంపేశాం.

ఇదంతా జాలి కోసం చెప్పట్లేదండి. "అంత పెద్దది మళ్ళీ ఎందుకు మొదలుపెట్టారు" అని ఒకాయన అడిగారు కాబట్టి చెప్తున్నా. పోయిన ఏడాది మీరు హాలు పై అంతస్తు ఇస్తామన్నప్పుడు మేం మొదట చేసిన పని టేపు తీసుకుని తలుపు కొలవడం. ఆ తర్వాతే సంతోషపడ్డాం.

ఆ గది అప్పుడు ఎట్లుండేదో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. ముప్పై ఆరడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, అందులో విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, వినాయక చవితి పందిరి వెదుళ్ళు, ఎవరిదో తెలీని ఒక బీరువా, ద్వారబంధానికి చెదలు. వానాకాలం శ్లాబు కారి గోడంతా చెమ్మ. మేమే పగుళ్ళు పూడ్పించి పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించుకున్నాం, మందు కొట్టించాం, సున్నం వేయించాం, ఆ బీరువా ఇప్పటికీ ఎవరూ అడగలేదు, ఫెవికాల్ డబ్బాలు పెట్టుకుంటున్నాం. అంటే ఖాళీగా పడున్న గది మీ ఫంక్షన్లకి అడ్డమొచ్చిందనే మాట కొంచెం ఆలోచించి అనండి. నెలకి మూడు వేలు కడుతున్నాం, కరెంటు వేరే.

ఇక అసలు విషయం, మేం ఏం కడుతున్నాం, అది ఎందుకు మడవలేం అని.

ఏ లైను కట్టాలి అనేదాని మీదే రెండు నెలలు కొట్టుకున్నాం. స్టేషన్ మాస్టర్ గారికి కాజీపేట కావాలి, అక్కడ పదేళ్ళు చేశారు. ఇంటర్ అమ్మాయికి అరకు లైను కావాలి, సొరంగాలున్నాయని. ఫిట్టర్ అంకుల్‌కి మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య మీటరే ఉండే పాత లైను) రోజుల కాచిగూడ కావాలి, కానీ దానికి 12 మిల్లీమీటర్ల ట్రాక్ వేరేగా తెప్పించుకోవాలి, ఆ ఖర్చు మా వల్ల కాదు. తొమ్మిది మందిలో అయిదుగురిది గోదావరి అటూ ఇటూ ఊళ్ళు, నాది కొవ్వూరు పక్కన, సంక్రాంతికి తెల్లారుజామున బ్రిడ్జి మీదకి రాగానే రైలు చప్పుడు మారుద్ది చూడండి, పై బెర్తులో పడుకున్నవాడు కూడా లేచి కూర్చుని జేబులో చిల్లర వెతుక్కుంటాడు, ఆ చప్పుడు కోసం ఓటు గోదావరికి పడింది. కొవ్వూరు, మధ్యలో నది, అవతల రాజమండ్రి.

ఓటేసినంత ఈజీ కాదని లెక్కేశాక తెలిసింది. అక్కడ మూడు రైలు వంతెనలు ఉన్నాయి కదా, 1900లో మొదలై 1997లో బళ్ళు ఆపేసిన పాత హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. ఈ ఆర్చి వంతెన ఒక్కటే 28 ఆర్చీలు, దాదాపు రెండు ముప్పావు కిలోమీటర్లు. 87తో భాగించండి, ముప్పై ఒకటిన్నర మీటర్లు వస్తది. అంటే నూట మూడడుగులు. మన హాలు ముప్పై ఆరు. గోడ పగలగొట్టి రోడ్డు దాటి ఎదురింటి వాళ్ళ హాల్లోకి తీసుకెళ్ళినా రాజమండ్రి రాదు. అందుకని మూడు ఆర్చీలకే సరిపెట్టాం, ఒక్కో ఆర్చీ నిజంగా 97 మీటర్ల పైన, మా దగ్గర మూడడుగుల ఎనిమిది అంగుళాలు, మూడూ కలిపి పదకొండడుగులు. పక్కనే హేవ్‌లాక్ రాతి స్తంభాలు వరసగా, పైన గర్డర్లు పాతబడినట్టు తుప్పు రంగు వేసి. రోడ్డు కం రైలు బ్రిడ్జిని గోడ మీద పెయింటింగ్‌లో దూరంగా చూపించి వదిలేశాం, దాన్ని కడితే నది కనపడదు.

బళ్ళకీ ఇదే బాధ. ఇప్పుడొస్తున్న ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పెట్టె ఒకటి మా స్కేల్లో ఇరవై ఏడు సెంటీమీటర్లు ఉంటది. ఇరవై నాలుగు పెట్టెల బండి నడపాలంటే ఇంజన్ కాకుండానే ఇరవై ఒక్క అడుగులు, ప్లాట్‌ఫామ్ మీదే గది అయిపోద్ది. మా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఎనిమిది పెట్టెలు. అసలు బండి 1974లో మొదలైంది, 2024లో యాభై ఏళ్ళు నిండాయని కేక్ కట్ చేశారు, మేం కూడా స్వీట్లు పంచుకున్నాం. ఎనిమిది పెట్టెలే కాబట్టి పండక్కి మా దగ్గర కూడా వెయిటింగ్ లిస్ట్ క్లియర్ కాదు.

ఇంత పొడుగు పెట్టెలు మలుపు తిరగాలంటే మలుపు కూడా పెద్దది కావాలి. చిన్న మలుపులో పెట్టె మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి పొడుచుకొస్తాయి, పక్క లైన్లో బండి ఉంటే గీసుకుంటాయి. అందుకే మేం ముప్పై అంగుళాల కన్నా తక్కువ వ్యాసార్ధం ఎక్కడా వేయలేదు. బండి వెనక్కి తిరగాలంటే దానికి రెట్టింపు, అంటే అయిదడుగులు ట్రాకే ఉంటది, అటూ ఇటూ అంచు కలిపితే ఆరు. "బల్ల చివర్లలో అంత వెడల్పెందుకు, గోడకి ఆనించి సన్నగా పెట్టుకోవచ్చుగా" అన్నారు కదా ట్రెజరర్ గారు, ఇందుకండి.

ఫిట్టర్ అంకుల్ విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. మొదటి రోజు ట్రాక్ డబ్బా విప్పగానే ఆయన వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టి రెండు పట్టాల మధ్య కొలిచారు. 16.5 మిల్లీమీటర్లు. కాగితం మీద లెక్కేశారు, మన బ్రాడ్‌గేజ్, అంటే మన పట్టాల మధ్య వెడల్పు, 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 పైన రావాలి. "ఇది మన లైను కాదు బాబూ, ఎవరిదో" అని పక్కన పెట్టేశారు. నిజమే, ప్రపంచమంతా దొరికే ట్రాక్ అమెరికా యూరప్ వాళ్ళ గేజ్‌కి సరిపడేది, మన వెడల్పుకి చేసేవాళ్ళు లేరు, మనమే చేసుకోవాలంటే ఇంజన్ చక్రాలు కూడా మార్చాలి. మన దేశం బళ్ళు మోడల్ చేసేవాళ్ళు ఎక్కువగా ఈ రాజీ పడే చేస్తారు. ఆయన మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత వచ్చి స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) చివర్లు కొంచెం పొడుగ్గా కనపడేట్టు కంకర పోస్తే కన్ను మోసపోద్దని ఆయనే చెప్పారు, ఇప్పుడు కంకర పని ఆయనది తప్ప ఇంకెవరిదీ కాదు.

ఆ కంకర పనే చూడండి ఒకసారి. క్రషర్ డస్ట్ తెచ్చి కడిగి ఎండబెట్టి టీ వడకట్టేదాంతో జల్లిస్తారు, పైన మిగిలింది పారేసి, కింద పడిన దాంట్లోంచి మళ్ళీ మెత్తటి దుమ్ము గుడ్డతో తీసేస్తారు. చెంచాతో పట్టాల మధ్య పోసి, పెయింట్ బ్రష్‌తో ఒక్కో స్లీపర్ మీద నుంచి నెడతారు. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తారు, ఆ చుక్క వేయకపోతే జిగురు కంకర మీద బంతుల్లా నిలబడుద్ది, లోపలికి దిగదు. ఇంక్ ఫిల్లర్‌తో చుక్క చుక్క. పాయింట్ దగ్గర ఒక్క చుక్క ఎక్కువైతే కదిలే పట్టా అతుక్కుపోద్ది, మళ్ళీ బ్లేడుతో గీకాలి. ఒక గజం ట్రాక్ వేయడానికి ఆయనకి ఒక సాయంత్రం పడతది. ఇప్పటికి నలభై గజాల పైన అయింది. దీన్ని నెలకి రెండుసార్లు బారసాల కోసం మడవమంటున్నారు మీరు.

సరే, మడిస్తే ఏమవుద్ది? రంపం దెబ్బ తిన్నాం కాబట్టి ఈసారి అంతా ముక్కలుగానే కట్టాం, ఎక్కువ భాగం నాలుగడుగులు రెండడుగుల ముక్కలు, అలాంటివి ఇరవై, బోల్టులతో బిగించినవి. మలుపులు కూడా నాలుగేసి ముక్కల్లో ఉన్నాయి, ఏదీ తలుపు కన్నా వెడల్పు కాదు. అంటే ఊడదీయొచ్చు. ఈ మాట మేం దాచట్లేదు. కానీ ఊడదీయడం వేరు, మడవడం వేరు. ఒక్కో ముక్క కింద వైర్లు, ప్రతి పట్టాకీ కరెంటు అందాలి కదా, అవన్నీ విప్పి మళ్ళీ కలపాలి. ముక్కకీ ముక్కకీ మధ్య పట్టాలు ఎదురెదురుగా సరిగ్గా కూర్చోవాలి. చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటది, బండిని పట్టా మీద నిలబెట్టేది అదే, మా స్కేల్లో ఆ అంచు మిల్లీమీటరు కూడా ఉండదు. పోస్టు కార్డు మడిచినంత తేడా వస్తే చాలు, బండి గోదాట్లోకే. వానాకాలంలో చెక్క ఉబ్బుద్ది, ఎండాకాలంలో సాగిన పట్టాకి జాగా లేక ఒంకర తిరుగుద్ది, కదల్చకుండా ఉంచితేనే ఇన్ని బాధలు.

మే నెలలో ట్రయల్ చేశాం. ఆరు ముక్కలు ఊడదీసి తలుపు దాకా మోసుకెళ్ళి తిరిగి పెట్టాం. ఊడదీయడానికి ఒక పొద్దున పట్టింది. తిరిగి బండి పడకుండా నడవడానికి రెండు ఆదివారాలు, మధ్యలో పళ్ళ డాక్టర్ గారికి నడుం పట్టేసింది. "యూట్యూబ్‌లో ఫారిన్ వాళ్ళు ఎగ్జిబిషన్‌కి కార్లో తీసుకెళ్ళి గంటలో పెట్టేస్తున్నారు" అని వీడియో పంపారు ఒకరు. చూశాను. అది మొదటి రోజు నుంచి మోసుకెళ్ళడానికే చేసింది, అన్ని ముక్కలకీ చివర్లు ఒకే కొలత, ట్రాక్ తిన్నగా వచ్చి తిన్నగా కలుస్తది. మా దాంట్లో బ్రిడ్జి, దాని వెనక రాజమండ్రి యార్డు, రెండు మలుపులు, ఇవి జాయింట్ల దగ్గర కూడా వంపులోనే ఉంటాయి. ఇవి మాటిమాటికీ కదిలితే పాడైపోతాయి, అంతే.

"పెద్దోళ్ళయ్యుండి బొమ్మలతో ఆటలేంటి" అన్న మాటకి నాకు కోపమేం రాలేదండి, మా ఆవిడ రోజూ అనేదే. ఒక్క సంగతి చెప్తా. అమెరికాలో ఎంఐటీ ఉంది కదా, మన కాలనీలో సగం మంది పిల్లల్ని పంపాలనుకునేది, అక్కడ 1946 నుంచి టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని ఒకటి నడుస్తోంది. యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన బిల్డింగ్ 20 అనే చెక్క బిల్డింగ్‌లో ఒక గది ఇచ్చారు వాళ్ళకి. బల్ల మీద పని చేసేవాళ్ళు కొందరు, బల్ల కింద టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ రిలేలతో బళ్ళు కంట్రోల్ చేసే సర్క్యూట్లు కట్టేవాళ్ళు కొందరు. ఆ బల్ల కింద బ్యాచే కాలేజీలో కంప్యూటర్లు రాగానే రాత్రిళ్ళు వాటి మీద పడ్డారు, హ్యాక్, హ్యాకర్ అన్న మాటలు కంప్యూటర్ల వైపు పాకింది వాళ్ళ దగ్గర్నించే. ఇవాళ హైదరాబాద్‌లో హ్యాకథాన్ అని బ్యానర్ కట్టని ఇంజినీరింగ్ కాలేజీ ఉందా? యాభై ఏళ్ళు అక్కడ ఉన్నాక ఆ బిల్డింగ్ కూల్చేయాల్సొచ్చింది, 1998లో కూల్చేశారు. క్లబ్బు వేరే గదికి మారి మళ్ళీ కొత్తగా కట్టుకోడం మొదలుపెట్టింది. అంటే రంపం దెబ్బ మాకొక్కళ్ళకే కాదన్నమాట. అట్లని మేమేదో కనిపెడతామని కాదు, మేం కనిపెట్టిందల్లా క్రషర్ డస్ట్ టీ వడకట్టేదాంతో జల్లించొచ్చని.

మన ఇంటర్ అమ్మాయి సంగతి మాత్రం చెప్పాలి, పాయింట్లు మార్చడానికి మోటార్లు కొనాలంటే ఒక్కోటి చాలా అవుతోంది, ఆ పిల్ల బొమ్మ విమానాల్లో వాడే చిన్న సర్వో మోటార్లు తెచ్చి, ఆర్డువినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు పెట్టి, ప్రోగ్రామ్ తనే రాసి పద్నాలుగు పాయింట్లనీ నడిపిస్తోంది. ఎప్‌సెట్ (అదే, పాత ఎంసెట్) చదువు పాడవుతోందని వాళ్ళమ్మ గారు నన్ను రెండుసార్లు నిలదీశారు, ఆవిడకి ఇంకా సమాధానం చెప్పలేదు.

ఆదివారం పొద్దున పిల్లలు వస్తారు, మీకు తెలుసు, వాళ్ళ చెప్పుల గురించే కదా కింద కంప్లైంటు. వాళ్ళకి మేం రైలు నడపడం కాదు నేర్పేది, ఆపడం. పాతరోజుల్లో సింగిల్ లైన్ మీద డ్రైవర్‌కి టోకెన్ ఇచ్చేవాళ్ళు, ఇనప గోళం ఒకటి, రెండు స్టేషన్లలో ఉన్న మిషన్లలోంచి ఒకసారికి ఒకటే బయటికొస్తది, అది చేతిలో ఉన్న బండే ఆ సెక్షన్‌లోకి పోవాలి. స్టేషన్ మాస్టర్ గారు ఆ మిషన్లు వాడినాయన. మా దగ్గర మిషను లేదు, ఒక గాజు గోళీ ఉంది, పచ్చది. ఒక పిల్లాడు కొవ్వూరు, ఒక పిల్ల రాజమండ్రి, బెల్లు కొట్టి లైన్ క్లియర్ అడగాలి, అవతలి వాళ్ళు ఒప్పుకుంటేనే గోళీ డ్రైవర్‌కివ్వాలి, బండి అవతలికి చేరాక గోళీ అక్కడ అప్పజెప్పాలి. పోయిన నెల మూడో తరగతి పిల్లాడు ఒకడు కొవ్వూరు చూస్తున్నాడు, రాజమండ్రి అమ్మాయి బెల్లు ఒక్కసారే కొట్టింది, రెండుసార్లు కొట్టాలి రూలు. వాడు గోళీ ఇవ్వలేదు. డ్రైవర్ నేను. ఇవ్వరా నాన్నా అన్నా, లైన్ ఖాళీగానే ఉంది చూడు అని బ్రిడ్జి చూపించా, అయినా పిడికిలి విప్పలేదు. స్టేషన్ మాస్టర్ గారు వెనక కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు, ఆ రోజే నాకు మూడో మెమో, స్టేషన్ సిబ్బంది మీద ఒత్తిడి తెచ్చినందుకు.

మా తప్పులు కూడా ఒప్పుకుంటా. బతుకమ్మ రోజు సాయంత్రం కింద పాటలు ఆగిపోయి ఇరవై నిమిషాలు చీకటైంది, అది మా వల్లే, పైన కోత మిషన్ ఆన్ చేశాం, కింద డీజే, మెయిన్ ఫ్యూజ్ ఎగిరిపోయింది. ఆ రోజు ఆడవాళ్ళు అన్న మాటలు న్యాయమైనవే. ఆ తర్వాత పైన సబ్ మీటరు, వేరే ఎంసీబీ పెట్టించాం. ఆ కోత పని కూడా ముప్పాతిక అయిపోయింది. బళ్ళు నడపడానికి కరెంటు ఎంత అనుకుంటున్నారో గానీ, మా కంట్రోల్ బాక్సు పదిహేను వోల్టులు, అయిదు ఆంపులు, ఫుల్లుగా వాడినా ఒక సీలింగ్ ఫ్యాను అంత. స్ప్రే పెయింట్ వాసన పక్కింటి ఆంటీ గారి వంటింట్లోకి పోయింది, సారీ ఆంటీ, ఇప్పుడు టెర్రస్ మీద అవతలి మూల చేస్తున్నాం. ఆదివారం మధ్యాహ్నం డ్రిల్లు వేసింది మాత్రం మేం కాదు, అది రోడ్ నంబర్ నాలుగులో మాడ్యులర్ కిచెన్.

ఇప్పుడు మేం అడిగేది వినండి, ఇది పళ్ళ డాక్టర్ గారు, బ్యాంక్ మేడమ్ కూర్చుని కొలతలతో వేసిన ప్లాను, కాగితం కూడా దీని పక్కనే అంటిస్తున్నా. ముప్పై ఆరడుగుల గదిలో తలుపు వైపు పద్నాలుగడుగులు మీరు వాడుకోండి. అక్కడ ఇప్పుడు కొవ్వూరు స్టేషన్ వైపు నాలుగు ముక్కలు ఉన్నాయి, అన్నీ తిన్నటి ట్రాక్, బ్రిడ్జి లేదు మలుపు లేదు. వాటి కాళ్ళకి చక్రాలు బిగిస్తాం, ఫంక్షన్ ముందు రోజు సాయంత్రం లోపలికి తోసేస్తాం, మర్నాడు మళ్ళీ మా తిప్పలు మేం పడతాం. పద్నాలుగు ఇరవై అంటే రెండు వరసల బల్లలు వేసి నలభై మందికి భోజనం పెట్టొచ్చు, బారసాలకీ పుట్టినరోజుకీ అంతకన్నా ఎక్కువ మందిని మన కాలనీలో ఎవరూ పైకి ఎక్కించరు, పెద్ద ఫంక్షన్‌కి కింద హాలు ఉండనే ఉంది. వెనక ఇరవై రెండడుగులు, బ్రిడ్జి, యార్డు, మలుపులు ఉన్న భాగం, దానికి మా ఖర్చుతోనే అద్దాల పార్టిషన్ పెట్టి తాళం వేసుకుంటాం. ఫంక్షన్‌కొచ్చిన పిల్లలు అద్దంలోంచి చూస్తారు, అడిగితే ఎవరో ఒకరం వచ్చి ఒక బండి ఆ లోపలి లైన్లోనే అటూ ఇటూ నడిపి చూపిస్తాం. అద్దె మూడు నుంచి నాలుగు వేలు చేయండి, కడతాం.

బదులుగా మాకు కావాల్సింది రెండే. ఆ వెనక భాగాన్ని కదల్చమని మూడేళ్ళ దాకా కమిటీ అడగదు అని మినిట్స్‌లో రాయండి. మూడేళ్ళ లోపల నిజంగా కాలనీకి ఆ జాగా కావాల్సొస్తే మూడు నెలలు ముందు చెప్పండి, నెల కాదు, మూడు. ముక్కలుగా కట్టాం కాబట్టి ఒక్క పట్టా కూడా కోయకుండా దించుకుపోతాం. ఇంకోటి అడగొచ్చో లేదో గానీ అడుగుతున్నా, చవితి అయిపోయాక ఆ వెదుళ్ళు మళ్ళీ పైకి పంపొద్దు, పోయినసారి వాటితో పాటు వచ్చిన ఎలుక సిగ్నల్ వైర్లు కొరికింది.

ఆరో ఐటెమ్ మీద ఓటేసేముందు ఒక్కసారి వచ్చి చూడండి. వచ్చే ఆదివారం పదింటికి తలుపు తీసే ఉంటది. "ఆడుకునేవాళ్ళు" అని రాసిన సార్ కూడా రావాలి, ఆ రోజు కొవ్వూరు స్టేషన్ ఆయనకే ఇస్తాం, గోళీ ఆయన చేతిలోనే ఉంటది, బెల్లు రెండుసార్లు మోగితేనే ఇవ్వాలని మాత్రం గుర్తుంచుకోమనండి. చెప్పులు పైన తలుపు దగ్గర విప్పండి, కింద కాదు. మెట్లెక్కేటప్పుడు నాలుగో మెట్టు అంచు ఊడిపోయింది చూసుకోండి, దానికి సిమెంటు వేయిస్తామని కమిటీ వాళ్ళు ఉగాది నుంచి చెప్తున్నారు.

ఇట్లు,
పై అంతస్తు తొమ్మిది మంది తరఫున,
మూడు మెమోలు తిన్న డ్రైవర్